ఎనభై శాతం పని దండగట!

ఈమధ్య మా భీమవరం ఆఫీసు గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. "మీ పనుల్లో 80 శాతం దండగ. 20 శాతం పనులే 80 శాతం ఫలితం ఇస్తాయని సైన్స్ తేల్చింది. మిగతావి ఇవాళే మానేయండి, ఎవరూ అడగరు. ఎవరైనా అడిగితే కాదనడం నేర్చుకోండి." అనవసరపు పని తగ్గాలన్నది సరే. చెప్పిన దారే తప్పు.

ముందు ఆ 'సైన్స్' సంగతి. ఇటలీ ఆర్థికవేత్త విల్‌ఫ్రెడో పరేటో 19వ శతాబ్దం చివర్లో పరిశీలించింది సంపద, ఆదాయం కొద్దిమంది చేతుల్లో ఎలా పోగుపడతాయన్నది. తర్వాత నాణ్యతా నిపుణుడు జోసెఫ్ జురాన్ పరేటో పేరును ఫ్యాక్టరీ నాణ్యతకు తెచ్చాడు. ఎక్కువ లోపాలు కొన్ని కారణాల వల్లే వస్తాయి, ముందు వాటిని పట్టుకోండి అన్నాడు. మిగతావాటిని మొదట 'అల్పమైనవి' అన్నా, తర్వాత తానే 'ఉపయోగపడేవి' అని దిద్దుకున్నాడు. మీ టేబుల్ మీది ఫైళ్లను ఇద్దరిలో ఎవరూ లెక్కపెట్టలేదు.

"మానేస్తే ఎవరూ అడగరు." అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. రొయ్యల చెరువు మీద మేత వేశాక చెక్‌ట్రే (రొయ్యలు ఎంత తిన్నాయో తెలియడానికి నీళ్లలో దించే పళ్లెం) ఎత్తి చూడటం, తెల్లవారుజామున ఏరియేటర్లు (నీళ్లకు గాలి అందించే యంత్రాలు) తిరుగుతున్నాయో లేదో చూసుకోవడం చిన్న పనులే. ఒక పూట మానితే నిజంగానే ఎవరూ అడగరు. కానీ నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది సరిగ్గా పొద్దు పొడిచే ముందు. అప్పుడు ఏరియేటర్ ఆగి ఉంటే రొయ్య తేలిపోతుంది, పంట మొత్తం పోవచ్చు. ట్రే చూడకుండా మేత వేస్తూ పోతే మిగిలింది అడుగున కుళ్లి నీళ్లు చెడతాయి. పెంపకం ఖర్చులో పెద్ద వాటా మేతదే మరి! కాలువలూ అంతే. వేసవిలో నీళ్లు కట్టేసినప్పుడు పూడిక, గుర్రపుడెక్క తీయకపోతే ఆ నెల ఏమీ కాదు. సార్వాలో (ఖరీఫ్ వరి పంట కాలంలో) శివారు చేలకు నీరందనప్పుడు తెలుస్తుంది, అదీ కాలువ మొదట్లో ఉన్నవాడికి కాదు.

"కాదనడం నేర్చుకోండి." మేనేజర్ కాదంటే పని మాయమైపోదు, గుమాస్తా నెత్తిన పడుతుంది. గుమాస్తా కాదంటే ఉద్యోగం టెన్షన్. ఇలాంటి సలహాలు రాసేవాళ్ల కింద పనిచేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారనుకుంటా.

మరి తీసేయాల్సింది ఏది? మేత బస్తాల లెక్కనే చూడండి. పుస్తకంలో ఒకసారి రాసి, ఎక్సెల్‌లో ఎక్కించి, మళ్లీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టే ఆఫీసులు మా వైపు బోలెడు. ఆ ఫొటో ఎవరు తెరుస్తున్నారో కనుక్కోండి. ఎవరూ లేకపోతే, రేపటి నుంచి పంపబోమని అందరికీ చెప్పి మరీ ఆపండి. నిజంగా కావలసినవాడుంటే ఆ సాయంత్రమే ఫోన్ చేస్తాడు.