స్వాట్ విశ్లేషణ గారికి విన్నపం

మహారాజశ్రీ స్వాట్ విశ్లేషణ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. కళాశాలలను, విశ్వవిద్యాలయాలను పరిశీలించి గ్రేడు ఇచ్చే న్యాక్ సంస్థ బృందం రాక దగ్గరపడినందువల్ల తమరు మళ్లీ మా కామర్స్ విభాగానికి దయచేశారు. బలాలు, బలహీనతలు, అవకాశాలు, సవాళ్లు అనే నాలుగు గదుల పట్టిక గీసి, మా ఎంకామ్ కోర్సుకు రాబోయే ఐదేళ్ల వ్యూహం అందులోంచి తీయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. 1960లలో అమెరికా కంపెనీల ప్రణాళికల కోసం పుట్టిన తమరు స్టాన్‌ఫర్డ్ బిడ్డా, హార్వర్డ్ బిడ్డా అన్నది పండితులు నేటికీ తేల్చలేదు గానీ, మా దగ్గర మాత్రం తమరికి ఇంటి అల్లుడి మర్యాదే జరుగుతోంది.

మొన్నటి సమావేశంలో మధ్యాహ్నమంతా ఒకే చర్చతో గడిచింది: ఖాళీగా ఉన్న బోధనా పోస్టులను ఏ గదిలో రాయాలి? బలహీనత అంటే లోపలి సంగతి కనుక ఆ తప్పు విభాగం నెత్తిన పడుతుంది. సవాలు అంటే బయటి సంగతి కనుక భర్తీకి అనుమతి ఇవ్వవలసిన ప్రభుత్వం మీదికి పోతుంది. నివేదికలో ప్రభుత్వాన్ని వేలెత్తి చూపడం క్షేమం కాదని ఒక పెద్దాయన, మనల్ని మనమే తక్కువ చేసుకుంటే గ్రేడు పడిపోతుందని ఇంకొక పెద్దాయన పట్టుబట్టారు. చివరికి ‘నూతన నియామకాల ద్వారా విభాగాన్ని విస్తరించుకునేందుకు పుష్కలమైన వీలున్నది’ అని అవకాశాల గదిలో రాసి, అందరం టీ తాగాం. లేని ప్రొఫెసర్లను అవకాశంగా మార్చగల శక్తి తమరికి తప్ప మరే విశ్లేషణకూ లేదని ఆ క్షణాన నమ్మకం కుదిరింది.

మా విద్యార్థి సంగతి ఇంతకన్నా గొప్పది. గ్రామీణ పేద కుటుంబాల పిల్లలకు ఉన్నత విద్య అందించడం మా బలం. వారికి ఇంగ్లిష్ సరిగా రాకపోవడం మా బలహీనత. వారి కోసం ఆ లోటు పూడ్చే బ్రిడ్జి కోర్సు పెట్టవచ్చు కనుక అది అవకాశం. వారికి ఉద్యోగాలు దొరకడం కష్టం కనుక అది సవాలు. ఒక్క పిల్లవాడే నాలుగు గదులూ తిరిగి వచ్చాడు. అయితే అతడు ఎక్కే ఆర్టీసీ బస్సు ఊళ్లో బయలుదేరి క్యాంపస్‌కు చేరేసరికి మొదటి పీరియడ్ అయిపోతుందని, కాస్ట్ అకౌంటింగ్‌లో సగం మంది వెనకబడుతున్నది అందువల్లనేనని హాజరు పట్టీ చూసిన ఎవరికైనా తెలుస్తుంది. ఆ పీరియడ్‌ను మధ్యాహ్నానికి మార్చడానికి విస్తరణా అక్కరలేదు, నిధులూ అక్కరలేదు. కాకపోతే టైమ్‌టేబుల్ మార్పును ‘వ్యూహం’ అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

నేరమంతా తమదేనని నేననడం లేదు. తమరు పట్టిక మాత్రమేనని, అసలు పని ఆ తరువాత మొదలవుతుందని ఎప్పుడో చెప్పారు. 1982లో హైన్జ్ వైరిచ్ అనే ఆచార్యుడు ఒక్కో బలాన్ని ఒక్కో అవకాశంతోను, ఒక్కో బలహీనతను ఒక్కో ముప్పుతోను (మా పట్టికలో సవాలు అన్నది అదే) ఎదురెదురుగా నిలబెట్టి, ఆ జంట నుంచి చేయవలసిన పనిని రాబట్టే పద్ధతి చూపించారు. మేమే అక్కడిదాకా వెళ్లం. గదులు నిండగానే, సంస్థలో నాణ్యత వ్యవహారాలు చూసే ఐక్యూఏసీ విభాగపు కోఆర్డినేటర్ గారు ఫైలు తీసుకుపోతారు. ఇది మా ఒక్కరి జబ్బూ కాదు. 1997లో అచ్చయిన అధ్యయనంలో టెర్రీ హిల్, రాయ్ వెస్ట్‌బ్రూక్ అనే పరిశోధకులు బ్రిటన్‌లో 20 కంపెనీల పట్టికలు తిరగేస్తే, సగటున 40కి పైగా అంశాలు, ఏది ముఖ్యమో తేల్చని జాబితాలు కనిపించాయి; తరువాతి నిర్ణయాలలో ఆ పట్టికను వాడుకున్నవారు ఒక్కరూ లేరట. లాభనష్టాలు చూసుకునే కంపెనీలే అలా ఉంటే, గ్రేడు చూసుకునే మమ్మల్ని తమరు మన్నించాలి.

కనుక నా విన్నపం చిన్నది. వచ్చే విడత దయచేసినప్పుడు ఒక్కో గదిలో రెండేసి వాక్యాలకు మించి చోటు ఇవ్వకండి. ప్రతి వాక్యం పక్కన ఆ పని ఎవరిది, ఏ నెలలోగా పూర్తి చేయాలి, ఏ పద్దు కింద ఖర్చు రాయాలి అన్నవి అడగండి. సమాధానం లేని వాక్యాన్ని మా పెద్దలు ఎంత బతిమాలినా లోపలికి రానీయకండి. పట్టిక సగం ఖాళీగా ఉంటే న్యాక్ పంపే పీర్ టీం ముందు బాగుండదని మావాళ్లు భయపడతారు, ఆ భయాన్ని లెక్కచేయకండి.

ఇట్లు,
తమ మూడో గదిలో అవకాశంగా నమోదైన ఖాళీలో ఏళ్ల తరబడి పాఠం చెబుతున్న
ఒక కాంట్రాక్టు అధ్యాపకుడు