నా డైవింగ్ లాగ్‌బుక్ గారికి ఒక బహిరంగ లేఖ

మ.రా.రా.శ్రీ లాగ్‌బుక్ గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. నా ఎడమ చెవి ఇంకా సరిగ్గా తెరుచుకోలేదు, అది తప్ప ఇక్కడ అంతా క్షేమం. నేను నీళ్లలో మునిగిన ప్రతిసారీ లెక్క రాసుకునే పుస్తకం మీరు, ఇప్పుడు ఉప్పునీళ్లకి ఉబ్బిపోయి బాల్కనీలో ఆరుతున్నారు కదా, తిరిగి మాట అనలేరు కదా అని ఈ నాలుగు ముక్కలు.

కోస్టారికా వాళ్ల కోకోస్ దీవికి షార్కులు చూడ్డానికి వస్తానంటే పడవవాళ్లు నన్నేమీ అడగలేదు, మిమ్మల్ని చూపించమన్నారు. కనీసం 50 డైవ్‌లు ఉండాలట. మీ దగ్గర 52 ఉన్నాయి. అందులో 31 మా టెక్సాస్‌లో నీళ్లు నిండిన పాత క్వారీలో చేసినవే, 'చూసినవి' అన్న గడిలో 31 సార్లూ 'మునిగిన స్కూల్ బస్సు' అనే ఉంది, అయినా మీరు కిమ్మనలేదు. ఆ మౌనం వల్లే నేను అనుభవజ్ఞుణ్ణయ్యాను.

పుంటారెనాస్ రేవు నుంచి దాదాపు 550 కిలోమీటర్లు, 36 గంటల ప్రయాణం. నేను వాటిలో ముప్పై గంటలు బకెట్ పక్కనే ఉన్నాను. దీవి మీద రేంజర్లు తప్ప ఎవరూ కాపురం ఉండరు, మనం పడుకునేది పడవలోనే. వెనకటికి ఆగస్ట్ గిస్లర్ అనే జర్మన్ ఇక్కడ లంకెబిందెల కోసం ఏళ్ల తరబడి తవ్వి, గుప్పెడు నాణేలతో సరిపెట్టుకున్నాడట. పాపం పిచ్చోడు అని నవ్వాను. అప్పటికి నా క్రెడిట్ కార్డు బిల్లు రాలేదు లెండి.

ఇక అల్సియోన్. సముద్రం లోపల కొండ అది, దాని నెత్తి చేరాలంటేనే ఇరవై అయిదు మీటర్లకు పైగా దిగాలి. తాడు పట్టుకుంటే ప్రవాహం మనిషిని జెండాలా ఆడిస్తుంది. రాయి చాటున నక్కాం. గైడు రెండు పిడికిళ్లూ చెవుల దగ్గర పెట్టి చూపించాడు, అంటే సుత్తితల షార్కు. వచ్చింది! పసుపు రంగు చిన్న చేపలు మూగి దాని మొప్పల దగ్గర పురుగులు ఏరుతుంటే, ఆదివారం సెలూన్‌లో కుర్చీ వాల్చుకున్న పెద్దమనిషిలా మెల్లగా ఒక పక్కకి ఒరిగింది. ఆ చేపల పేరు కూడా బార్బర్ ఫిష్షే, నేను కల్పించింది కాదు.

అప్పుడు నేను గాలి వదిలాను.

అంతే, బుడగల చప్పుడుకే తోక ఝాడించి మాయం. డైవింగ్‌లో మొదటి రోజు నేర్పే మొదటి పాఠం ఊపిరి బిగబట్టొద్దని, ఇక్కడేమో పక్కవాళ్లందరూ ఊపిరి తీసుకున్నందుకు నన్ను గుడ్లురిమి చూశారు. మనం వేలు తగలేసి, ప్రాణాలకి తెగించామని బిల్డప్ ఇచ్చుకుని, చూడ్డానికి వెళ్లింది బుడగలకి జడుసుకునే చేపని. దాన్ని తప్పు పట్టలేం. రెక్కల కోసం మనుషులు పట్టీ పట్టీ, ఆ జాతిని ఐయూసీఎన్ అనే ప్రకృతి సంరక్షణ సంస్థ వాళ్లు అంతరించిపోయే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జాబితాలో పెట్టారు.

మీలో మాత్రం ఏముంది? లోతు 29 మీటర్లు, సమయం 24 నిమిషాలు, సిలిండర్‌లో మిగిలిన గాలి ఒత్తిడి 60 బార్, పక్కన గైడు కొట్టిన సుత్తితల స్టాంపు. టెన్షన్‌లో మిగతా గాలంతా మింగేసి, అందరికంటే ముందు పైకొచ్చింది ఎవరో రాయడానికి మీలో గడే లేదు. అందుకే మీరంటే నాకు గౌరవం.

ఈసారి వెళ్దామనుకుంటున్న పడవవాళ్లకి 100 డైవ్‌లు కావాలట. ఈ ట్రిప్పుతో కలిపి మనకి 70 అయ్యాయి. తొందరగా ఆరండి, శనివారం బస్సు దగ్గరికి వెళ్లాలి.

ఇట్లు,
మీ అనుభవజ్ఞుడు