పులిహోర ఎక్కిన పెట్టె

పిల్లలు విదేశాల్లో చదువుకుంటుంటే వీకెండ్ వాళ్ళకి, డ్యూటీ ఇక్కడి తల్లిదండ్రులకి. శుక్రవారం దాకా "క్లాసులో ఉన్నా, తర్వాత చేస్తా" అని ఫోన్ పెట్టేసేవాళ్ళు, శని ఆదివారాల్లో ఏ కొండ మీదో, ఏ చెరువు గట్టునో తేలతారు. ఎక్కడ తేలారు, ఏం తిన్నారు, స్వెటర్ వేసుకున్నారా లేదా అని కనుక్కునే పని బెజవాడలో ఉన్నవాళ్ళది.

మా మేనకోడలు బుజ్జి మ్యూనిక్‌లో ఎమ్మెస్ చేస్తోంది. మా బావ రైల్వేలో టీసీగా చేసి రిటైరయ్యాడు. ఇల్లు సత్యనారాయణపురంలో. రిటైరయ్యాక ఆయనకి మిగిలిన లోటు ఒక్కటే, టికెట్ చూపించమని అడగడానికి మనుషులు దొరక్కపోవడం. బుజ్జి జర్మనీ వెళ్ళాక అదీ తీరింది. అక్కడ డాయిచ్‌లాండ్ టికెట్ అని నెలనెలా డబ్బు కట్టే పాసు ఒకటుంది. అది ఉంటే దేశంలో ఎక్కడైనా ప్యాసింజర్ బండ్లు, సిటీ బస్సులు, ట్రాములు ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. దూరం వెళ్ళే పెద్ద ఎక్స్‌ప్రెస్‌లు మాత్రం ఎక్కనివ్వరు. 2023లో 49 యూరోలతో మొదలుపెట్టి 2025లో 58 చేశారు. ఈ రేట్లన్నీ బావకి నోటికొచ్చు. కట్టిన డబ్బు గిట్టుబాటు కావాలంటే ప్రతి ఆదివారం ఎక్కడికో ఒకచోటికి వెళ్ళి తీరాలని బుజ్జి లెక్క. కట్టిన ఫీజు గిట్టుబాటు కావాలని అంత పట్టుదలగా లైబ్రరీకి వెళ్ళినట్టు మాత్రం నేనెప్పుడూ వినలేదు.

ఆ ఆదివారం నేను అక్కావాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నాను. మనకి మధ్యాహ్నం పన్నెండున్నర. ఎండాకాలం కాబట్టి వాళ్ళకి పొద్దున తొమ్మిది. చలికాలమైతే ఎనిమిదే. అక్క హాల్లో వాళ్ళ టైముకి విడిగా ఒక గోడగడియారం పెట్టింది. అక్కడివాళ్ళు మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి గడియారాలు మార్చుకుంటే, ఇక్కడ బావ కుర్చీ ఎక్కి ముల్లు తిప్పుతాడు.

ఆ రోజు బుజ్జి, ముగ్గురు స్నేహితులు కలిసి టేగర్న్‌జే అనే సరస్సుకి బయల్దేరారు. మ్యూనిక్‌కి దక్షిణంగా రైల్లో గంట ప్రయాణం. ముగ్గురిలో ఒకడు గుంటూరు కుర్రాడు. తిండి మనమే పట్టుకెళ్ళాలి. ఎందుకంటే అక్కడ ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. హోటళ్ళు తెరిచే ఉంటాయి గానీ ప్లేటు ధరని వందతో గుణించుకుని చూస్తే ఆకలి దానంతటదే చచ్చిపోతుంది. పోనీ పొద్దున్నే లేచి పచ్చడి నూరుకుందామా అంటే ఆదివారం ఇంట్లో చప్పుడు చేయకూడదట, మిక్సీ వేస్తే పక్కవాళ్ళు తలుపు తడతారట. అందుకని బుజ్జి శనివారం రాత్రే పులిహోర కలిపేసింది. గుజ్జు అక్క ఇక్కణ్ణుంచి సీసాలో పంపిందే. ప్లేట్లు, మంచినీళ్ళు, పరుచుకునే దుప్పటి మిగతా ముగ్గురి వంతు.

బావ అన్నంలో పప్పు కలుపుతుండగా ఫోన్ మోగింది.

"నాన్నా, వాళ్ళు ముందు పెట్టెల్లో ఎక్కేశారు. నేను వెనకాల ఉన్నా, బండి కదిలేలా ఉంది!"

"ఏ పెట్టె అయితే ఏంటమ్మా, ముందు ఎక్కేయ్! లోపల్నుంచి నడుచుకుంటూ వెళ్ళిపోవచ్చు."

ఈ ఒక్క సలహాతో బావ బెజవాడ స్టేషన్‌లో పది ప్లాట్‌ఫారాల మీదా ఎన్ని వేలమందిని బండెక్కించాడో లెక్కలేదు. కాకపోతే వాళ్ళు వెళ్ళింది తెనాలికో ఏలూరుకో. ఆ మ్యూనిక్ లైను కథ వేరు. అక్కడ పైకి ఒకే బండిలా కనిపించేది నిజానికి తగిలించిన వేర్వేరు బండ్లు. ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి దారి ఉండదు. హోల్జ్‌కిర్‌హెన్ అనే స్టేషన్‌లో వాటిని విడదీస్తారు. ఒక ముక్క బైరిష్‌జెల్ వైపు పోతుంది. మిగిలింది ఇంకో స్టేషన్ దాకా వెళ్ళి మళ్ళీ విడిపోతే, అందులో ఒక ముక్క టేగర్న్‌జే చేరుతుంది.

బుజ్జి ఎక్కింది బైరిష్‌జెల్ ముక్క. పులిహోర కూడా.

ఈ సంగతి మాకంటే ముందు గుంటూరుకి తెలిసింది. మజ్జిగ దాకా వచ్చేసరికి ఆ కుర్రాడి తల్లి అక్కకి ఫోన్ చేసింది.

"వదినగారూ, మావాడి చుక్క టేగర్న్‌జే వైపు పోతోంది. మీ అమ్మాయి చుక్క ఎటు పోతోందో చూడండి!"

లైవ్ లొకేషన్ అనేదాన్ని పిల్లలు ఎందుకు పంపిస్తారో నాకు తెలీదు. బహుశా మళ్ళీ మళ్ళీ ఫోన్ చేయకుండా ఉంటారని కావచ్చు. ఉండరు. బావ ఎంగిలి చెయ్యి గాల్లో పెట్టుకుని ఎడమ చేత్తో మ్యాపు పెద్దది చేశాడు. బుజ్జి చుక్కకి కాస్త కింద ఆస్ట్రియా అని రాసి ఉంది.

"బోర్డర్ దాటేస్తోంది! పాస్‌పోర్ట్ దగ్గరుందో లేదో!"

అక్క దేవుడి గది వైపు తిరిగింది. బుజ్జి మాత్రం ఫోన్లో తాపీగా, "లైను బైరిష్‌జెల్‌లోనే అయిపోతుంది నాన్నా, అక్కణ్ణుంచి పట్టాల్లేవు" అంది.

"విడదీసే ముందు చెప్పాలా వద్దా? గుడివాడలో మేం మచిలీపట్నం బోగీలూ నరసాపురం బోగీలూ విడదీసేటప్పుడు పెట్టె పెట్టెకీ తిరిగి అరిచేవాళ్ళం!"

"మైకులో చెప్పారు నాన్నా. జర్మన్‌లో. స్పీడుగా."

నేనుండబట్టలేక, "అయితే బావా, గుడివాడ సంగతి అంత బాగా తెలిసినవాడివి, ఏ పెట్టె అయినా ఒకటే అని ఎలా చెప్పావు?" అన్నాను.

"గుడివాడ వేరు" అన్నాడు బావ. అని ఆ తర్వాత చాలాసేపు నాతో మాట్లాడలేదు.

ఇంతలో గుంటూరు నుంచి మళ్ళీ ఫోన్. "మావాడు పొద్దున్నుంచీ ఏమీ తినలేదంట వదినగారూ. పులిహోర ఉందిగా అని కాఫీతో సరిపెట్టుకున్నాడంట. ఇప్పుడు ముగ్గురూ ఉత్త ప్లేట్లు పట్టుకుని సరస్సు ముందు కూర్చున్నారంట." ఆవిడ గొంతులో నింద లేదు గానీ, పులిహోరతో పాటు మా పిల్ల పారిపోయిందన్న అర్థం ఉంది. అక్కకి పౌరుషం వచ్చింది. "ఇప్పుడే పంపిస్తానండీ" అంది, వంటింట్లోంచి పంపుతున్నట్టు.

చివరికి బుజ్జే తెలివైన పని చేసింది. ఆ దారిలో ష్లియర్‌జే అని ఇంకో సరస్సు ఉంది. అక్కడ దిగిపోయి, ఒడ్డున బెంచీ చూసుకుని, "ఆకలేసినవాళ్ళు ఇక్కడికి రండి" అని మెసేజ్ పెట్టింది. ముగ్గురూ టేగర్న్‌జేని సరిగ్గా చూడకుండానే వెనక్కి హోల్జ్‌కిర్‌హెన్ వచ్చి, బండి మారి, ష్లియర్‌జే చేరారు. ఎన్ని బండ్లు మారినా అదే టికెట్, పైసా ఖర్చు లేదు. అది విన్నాక గానీ బావ ముఖం విప్పారలేదు. "చూశావా, పాసు గిట్టుబాటైంది" అన్నాడు, అంతా ఆయన వేసిన ప్లానే అన్నట్టు.

సాయంత్రం మేం టీ తాగుతుంటే గుంటూరావిడ ఆఖరిసారి ఫోన్ చేసింది. అక్క స్పీకర్ పెట్టింది.

"పిల్లలు తిన్నారంట వదినగారూ. ఏం అనుకోకండి, పులిహోరలో పులుపు కాస్త ఎక్కువైందన్నాడు మావాడు."

ఆస్ట్రియా అన్నప్పుడు కూడా అక్క ముఖం అంతలా మాడలేదు. ఫోన్ పెట్టేసి బుజ్జికి కాల్ కలిపింది. "వచ్చేవారం ఎక్కడికెళ్ళినా సరే, ఆ గుంటూరు కుర్రాణ్ణి ఇంకో పెట్టెలో ఎక్కించు."