కారును రోడ్డెక్కించడం వల్ల కలిగే అనర్థాలు

నడపడం వల్లే కార్లు పాడవుతాయన్న సంగతి అందరికీ తెలిసిందే. కానీ దాన్ని మనసా వాచా నమ్మి, నిష్ఠగా ఆచరిస్తున్నవాళ్లు మన అపార్ట్‌మెంట్లలో ఉన్నంతమంది మరెక్కడా ఉండరు. రోడ్డు మీద గుంతలుంటాయి. ఎడమవైపు సందులోంచి దూరే బైకులుంటాయి. రాంగ్ రూట్లో ఎదురొచ్చి, పైగా మననే గుడ్లురిమి చూసే ఆటోలుంటాయి. ఏడేళ్ల ఈఎంఐ నెత్తినెత్తుకుని కొన్న వస్తువును తీసుకెళ్లి అలాంటి చోట వదలడం ఏం వివేకం? అందుకే బుద్ధిమంతులు కారును కొంటారు, కడతారు, కప్పుతారు. నడపరు. వీళ్లను పిసినారులనీ చాదస్తులనీ లోకం ఆడిపోసుకుంటోంది కాబట్టి, వీళ్ల తరఫున వకాల్తా పుచ్చుకోవాల్సి వచ్చింది.

రక్షణ కార్యక్రమం డెలివరీ రోజునే మొదలవుతుంది. హైదరాబాద్‌లో అయితే కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికో పెద్దమ్మ గుడికో, బెజవాడలో అయితే దుర్గమ్మ దగ్గరికో, తిరుపతిలో అయితే అలిపిరికో బండి చేరుతుంది. బానెట్ మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్, ముందు పూలదండ, గుమ్మడికాయతో దిష్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. ఆ నిమ్మకాయలు తొక్కడమే ఆ టైర్లు చేయబోయే పనుల్లోకెల్లా కష్టమైనది. దేవుడి రక్షణ దొరికింది కదా అని ఊరుకుంటే ఎలా? గుడి నుంచి నేరుగా యాక్సెసరీస్ షాపుకే.

సీటుకు కంపెనీ వేసిన పాలిథిన్ కవరు తీయకూడదు. తీస్తే బండి పాతదైపోతుంది. పాలిథిన్ చిరగకుండా దాని మీద రెక్సిన్ కవరు. రెక్సిన్ మాయకుండా దాని మీద టర్కీ టవలు. కంపెనీ వాళ్లు ఏడాదిపాటు కూర్చుని ఎంపిక చేసిన గుడ్డ రంగు ఏమిటో యజమానికే తెలియదు. వెనక సీటుకు మాత్రం రెక్సిన్ ఉండదు, టవలు ఉండదు, ఎందుకంటే అక్కడ కూర్చునేది చుట్టాలు. మే నెల బెజవాడ ఎండలో ఆ పాలిథిన్ మీద అరగంట కూర్చున్న మేనత్త గారు దిగేటప్పుడు చర్రుమని ఒక చప్పుడొస్తుంది. ఊడింది చీరా, కవరా అని అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. కవరు బాగానే ఉందని తేలాక ఇంటాయన ఊపిరి పీల్చుకుంటాడు.

ముందు సీటు అంచున ‘ఎయిర్‌బ్యాగ్’ అని చిన్న చీటీ కుట్టి ఉంటుంది. గుద్దుడు జరిగితే ఆ కుట్టు చీల్చుకుని పక్కనుంచి బుడగ బయటికి రావాలన్నది తయారీదారు ఆలోచన. మన దళసరి రెక్సిన్ దాన్ని బయటికి రానివ్వదు. రానివ్వకపోవడమే న్యాయం. సీటు చిరిగితే ఎవడు కుట్టిస్తాడు?

బంపర్ సంగతి మరీ చిత్రం. దెబ్బ తానే తిని లోపలివాళ్లను కాపాడటానికి పుట్టిన భాగం అది. దానికే దెబ్బ తగిలితే మన మనసు ఒప్పుకోదు కాబట్టి దాని ముందు ఇనుప గార్డు బిగించాం. ఆ గార్డు వల్ల గుద్దుడు ధాటి నేరుగా బండి అస్థిపంజరమైన చాసిస్‌కు తగులుతుంది, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు సరిగా పని చేయకపోవచ్చు. ఇవి ప్రమాదమనీ, వీటిపై చర్య తీసుకోమనీ 2017 డిసెంబర్లో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. పాపం, ఆ శాఖవాళ్లు లోపల కూర్చున్న మనిషి గురించి ఆలోచించారు. బంపర్ రీపెయింట్‌కు ఎంతవుతుందో వాళ్లకేం తెలుసు!

సీటు బెల్టు పెట్టుకుంటే చొక్కా నలుగుతుంది, పెట్టుకోకపోతే అలారం కొడుతుంది. దీనికి మనవాళ్లు బెల్టు లేకుండా బకిల్ ఒక్కటే గుచ్చే క్లిప్పు కనిపెట్టారు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ అమ్మకం సంస్థలను పిలిచి ఆ క్లిప్పులు తీసేయమంది. తీసేశారు. అయితేనేం, బెల్టును వీపు వెనక నుంచి తిప్పి గుచ్చడం ఏ సంస్థా ఆపలేదు.

ఇక బండి ఉండే ఇల్లు. స్టిల్ట్ పార్కింగ్‌ను, అంటే అపార్ట్‌మెంట్ కింద స్తంభాల మధ్య జాగాను, బిల్డరు ఫ్లాట్ నుంచి విడదీసి అమ్ముకోకూడదని ముంబయి కేసులో సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మనవాళ్లు ఆ తీర్పుకు ముందూ లక్షలు కట్టారు, తర్వాతా కట్టారు. కట్టి, స్తంభం మీద ఎర్ర పెయింటుతో ఫ్లాట్ నంబరు రాయించి, రెండు ఇనుప గొట్టాలు పాతి గొలుసుకు తాళం వేశారు. తీర్పు చూపిస్తే పక్కవాడు బండి తీయడు. గొలుసు చూస్తే తీస్తాడు.

గొలుసు ఆపలేనిది ఒకటుంది. ఫస్ట్ ఫ్లోర్ వాళ్ల బాత్రూంలో నానీ ట్రాప్ దగ్గర, అంటే నేల మీది నీళ్లు దిగే జాలీ దగ్గర, లీకు. తెలుగు రాష్ట్రాల్లో నానీ ట్రాప్ లీకు లేని అపార్ట్‌మెంట్ ఎక్కడైనా ఉంటే వెళ్లి దండం పెట్టుకు రావాలని నాకు చాలాకాలంగా కోరిక. ఆ నీళ్లు స్లాబులోకి ఇంకి, సిమెంటులోని సున్నాన్ని కలుపుకుని, కింద బానెట్ మీద చుక్కచుక్కగా పడతాయి. ఆరితే తెల్లటి మచ్చ. గోటితో గీకితే మచ్చ రాదు, పెయింటు వస్తుంది. పైన టైల్స్ లేపి వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తే గొడవ వదిలిపోతుంది. కానీ ఆ ఖర్చు పైవాళ్లదా, కిందివాళ్లదా, అసోసియేషన్‌దా అన్నది ఇంకా తేలలేదు. ప్రతి జనరల్ బాడీ మీటింగులోనూ మొదటి అంశం అదే, టీ బిస్కెట్ల దగ్గర వాయిదా పడే అంశమూ అదే.

ఈలోపు కారాయన ఎన్నికలయ్యాక మిగిలిన ఫ్లెక్సీ ఒకటి సంపాదించి, నాలుగు మూలలా తాళ్లతో స్లాబు కింద కట్టించాడు. అందులోని అభ్యర్థి రెండు చేతులూ జోడించి బానెట్‌కు రాత్రింబవళ్లు నమస్కారం పెడుతుంటాడు. గెలిచినా ఓడినా ఓ మనిషికి ఉపయోగపడ్డాడు. వారానికోసారి ఆయన పొట్ట దగ్గర నీళ్లు నిండి ఫ్లెక్సీ సాగుతుంది. వాచ్‌మన్ కర్రతో పొడిచి ఆ నీళ్లను పక్కకు ఒంపుతాడు. పక్కనున్నది 204 వాళ్ల కారు. వాళ్లకింకా ఫ్లెక్సీ దొరకలేదు.

తెల్లవారుజామున స్నానం. ఒక బకెట్టు నీళ్లు, ఒక పాత బనీను గుడ్డ, సెల్లారు మొత్తానికి అవే. మొదటి కారు మీది ఇసుక చివరి కారు దాకా సమానంగా పంపిణీ అవుతుంది. వేలకు వేలు పోసి వేయించిన సెరామిక్ కోటింగ్ మీద ఆ గుడ్డ గుండ్రంగా తిరిగి తిరిగి సన్నటి గీతల ముగ్గు వేస్తుంది. ఆ గీతలు కనబడకుండా మళ్లీ కవరు. గాలికి కవరు కదిలినప్పుడల్లా కింద చిక్కుకున్న దుమ్ము మిగతా పని పూర్తి చేస్తుంది.

“మరి కారు దేనికి వాడతారు?” అని అడిగేవాళ్లుంటారు. కూరగాయలకు స్కూటీ. పెళ్లికి క్యాబు, ఫంక్షన్ హాలు దగ్గర పార్కింగ్ దొరకదు కదా. సొంతూరికి రైలు, హైవే మీద లారీలు. తిరుమలకు వెళ్లొచ్చుగానీ ఘాట్ రోడ్డులో క్లచ్ పోతుంది. ఇక మిగిలినవి కారు సొంత పనులు. ఏడాదికోసారి సర్వీసు. ఏడాదికోసారి పొల్యూషన్ సర్టిఫికెట్. సంవత్సరమంతా పొగ వదలని బండి పొగ పరీక్ష కోసం మొదటిసారి పొగ వదులుతుంది, పాసవుతుంది, ఇంటికొస్తుంది. కొత్త పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలిపి మైలేజీ దెబ్బతీశారని ఫ్యామిలీ గ్రూపులో అందరికన్నా ఎక్కువ మండిపడేది కూడా ఈ బండి యజమానే.

చుట్టాల్లో ఎవరికో ఒకరికి అవసరం పడకపోదు. బావమరిది ఫోన్ చేస్తాడు.

“బావా, రేపు పొద్దున అమ్మాయిని హాస్టల్లో దింపాలి, కారు ఒక్కసారి ఇస్తావా?”

“అయ్యో, ఇన్సూరెన్స్ రెన్యూవల్‌లో ఉందిరా.”

“పోయిన్నెల కూడా అదే అన్నావు బావా.”

“పెద్ద కంపెనీరా, టైమ్ పడుతుంది.”

ఇంత భద్రంగా ఉన్న బండికి కూడా శత్రువులుంటారు. మొదటిది ఎలుక. కదలని ఇంజిన్ గదిలో చీకటి ఉంటుంది, మెత్తటి వైర్లుంటాయి, పిల్లి చొరబడదు. ఇంతకన్నా మంచి అద్దె ఇల్లు ఏ ఎలుకకు దొరుకుతుంది? కలరా ఉండలు వేలాడదీశారు, పొగాకు కాడలు పెట్టారు, జాలీ బిగించారు. ఎలుక కొన్నాళ్లు దగ్గి, తర్వాత అలవాటు పడింది. వాహన పూజలో మొదటి దండం విఘ్నేశ్వరుడికే పెట్టాం. ఆయన వాహనం వచ్చి మన వాహనంలో కాపురం పెడితే కాదనడానికి మనమెవరం?

రెండోది బ్యాటరీ. బండి నిలబడి ఉన్నా గడియారం, అలారం, రిమోట్ తాళం కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. అందుకే ఆదివారం పొద్దున్నే కవరు తీసి, ఐదు నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి, ఆపి, మళ్లీ కప్పే ఆచారం ఏర్పడింది. స్టార్టర్ లాక్కున్న ఛార్జి ఆ ఐదు నిమిషాల్లో తిరిగి నిండదు, వేడెక్కని సైలెన్సర్లో తేమ మాత్రం మిగులుతుంది. ఒక సోమవారం తాళం తిప్పితే టక్ టక్ అని ఊరుకుంది. మెకానిక్ వచ్చి చూశాడు.

“నెలకు రెండుసార్లు అరగంట రోడ్డు మీద తిప్పండి సార్, దానంతటదే ఛార్జవుతుంది.”

“రోడ్డు మీదా?” అన్నాడాయన.

ఆ సాయంత్రమే బ్యాటరీ ఛార్జరు కొన్నాడు. మూడో అంతస్తు బాల్కనీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు వేలాడదీసి బానెట్ కిందికి ఇచ్చాడు. సెల్లారులో క్రికెట్ ఆడే పిల్లలు చుట్టూ మూగారు. “ఎలక్ట్రిక్ కారా అంకుల్?” “కాదమ్మా, పెట్రోలే.”

మూడో శత్రువు క్యాలెండరు. బండి విలువ కట్టే బీమా పట్టికలో ఏడాదిలోపు 15 శాతం, ఐదో ఏట 50 శాతం తరుగుదల అని ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లు తిరిగావని ఆ పట్టిక అడగనే అడగదు. సర్వీసు పుస్తకంలో పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. టైరు పక్కన 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం పుట్టిందని అర్థం, అక్కడి నుంచి రబ్బరు వయసు లెక్కే. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. రోడ్డు మీద తిరిగి పాడైన బండికీ, ఫ్లెక్సీ కింద ధ్యానం చేసిన బండికీ ఒకే శిక్ష వేయడం ఏం ధర్మమో ఆ శాఖలే చెప్పాలి.

ఇన్సూరెన్స్ దగ్గర మనవాళ్ల లెక్క ఇంకా పక్కా. ఐదేళ్లు క్లెయిమ్ చేయకపోతే, సొంత బండి నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం తగ్గింపు. కాబట్టి తలుపు సొట్టపోయినా క్లెయిమ్ చేయరు, జేబులోంచి పెట్టుకుని తగ్గింపును కాపాడుకుంటారు. అదే పాలసీలో ‘ఇంజిన్ ప్రొటెక్ట్’ అని ఒక యాడ్ ఆన్ ఉంటుంది. “ఇల్లు కదలని బండికి ఇదెందుకు, తీసేయ్” అంటారు. 2024 సెప్టెంబర్ మొదట్లో బెజవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లూ పార్కింగులూ మునిగినప్పుడు, ఇల్లు కదలని బండ్ల దగ్గరికి నీళ్లే నడిచి వచ్చాయి. అలా మునిగిన బండిని స్టార్ట్ చేయకూడదు. సిలిండర్లలోకి చేరిన నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. అలా స్టార్ట్ చేసి పోగొట్టుకున్న ఇంజిన్‌కు ఆ యాడ్ ఆన్ లేకపోతే మామూలు పాలసీలో పైసా రాదు. సీటు కవర్లకు ఇన్సూరెన్స్ ఉందా అని అడిగినవాళ్లుంటారుగానీ, ఈ ముక్క అడిగినవాళ్లు తక్కువ.

కనుక కార్ల కంపెనీలకు ఒక విన్నపం. మాలాంటివాళ్ల కోసం ఇంజిన్ లేని మోడల్ ఒకటి తీసుకురండి. ఏసీ ఉండాలి, పెద్ద టచ్ స్క్రీన్ ఉండాలి, సన్‌రూఫ్ తప్పనిసరి. రివర్స్ చేసేటప్పుడు మోగే పాట మాత్రం ఉంచండి, పార్కింగులో పక్కవాళ్లకు వినబడాలి. ఇంజిన్, గేర్‌బాక్స్, పెట్రోలు ట్యాంకు తీసేస్తే ఎక్స్ షోరూం ధర సగానికి దిగుతుంది. ఎలుకలకు మరికాస్త జాగా వస్తుంది. రోడ్లు ఖాళీ అవుతాయి కాబట్టి ప్రభుత్వం లైఫ్ ట్యాక్స్‌లో రాయితీ ఇచ్చినా తప్పులేదు.

ఇన్నేళ్ల తపస్సుకు ఫలం చేతికందేది అమ్మే రోజున. తొమ్మిదేళ్ల బండి, సింగిల్ ఓనరు, మీటరు మీద పదకొండు వేల చిల్లర కిలోమీటర్లు, సీట్ల మీద పాలిథిన్ చెక్కుచెదరలేదు. కొనడానికొచ్చిన కుర్రాడు కవరు తీయించాడు, చుట్టూ తిరిగాడు, టైరు మీద అంకెలు చదివాడు, డాష్‌బోర్డు లైట్లు వెలిగించి మీటరు చూశాడు. మళ్లీ చూశాడు. చూసి నవ్వాడు.

“ఎక్కడ తిప్పించారు సార్ మీటరు?”

ఆయన నోట మాట రాలేదు. ప్రమాణం చేశాడు, సర్వీసు బిల్లులు చూపించాడు, వాచ్‌మన్‌ను సాక్ష్యానికి పిలిచాడు. “ఈ బండి కదలగా నేను చూళ్లేదు బాబూ,” అని వాచ్‌మన్ నిజమే చెప్పాడు. కుర్రాడు అందరి మాటా ఓపిగ్గా విని, “మీటరు తిప్పిన బండికి ఇంతకన్నా రాదు సార్” అని, చెప్పిన రేటులో యాభై వేలు కోసేశాడు.