ప్రాణాన్ని లెక్కచేయనివాళ్లే రేసింగ్ హీరోలా? ఆ ఫార్వర్డ్‌కు జవాబు

ఒడిశాలోని రాయగడ, జయపురం, పర్లాకిమిడి వైపు తెలుగు కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక పోస్టు తెగ తిరుగుతోంది. సారాంశం ఇదీ: రేసింగ్‌లో అసలు హీరోలంటే పాతకాలం వాళ్లే, వాళ్లకు భయమంటే తెలీదు. సేఫ్టీ అడిగినవాడు పిరికివాడు. ఇప్పటివి బొమ్మకార్లు, గెలిచేది కారే గానీ మనిషి కాదు. టైటిళ్లు ఎక్కువున్నవాడే గొప్ప. ఈ ఆటలో ఆడవాళ్లు లేరు, మన దేశం వాళ్లు లేరు. ఆఖర్న ఒక ఉపదేశం కూడా ఉంది: "హెల్మెట్ తీసెయ్, హీరోలా నడుపు."

ఊరికే కబుర్లయితే వదిలేద్దును. కానీ ఆదివారం సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కే బళ్లను ఒక పూట చూస్తే చాలు, ఈ పోస్టు ఎవరి బుర్రలోకి ఎక్కుతోందో తెలుస్తుంది. అందుకని ఒక్కో మాటా తీసుకుందాం.

"వాళ్లకు భయమంటే తెలీదు." పోస్టులో ముందు పేరు ఫార్ములా వన్ (ఎఫ్1) కార్ల రేసుల బ్రెజిల్ డ్రైవర్ అయర్టన్ సెన్నాది. చావు ఎదురుగా ఉన్నా నవ్వుతూ కారెక్కాడని రాశారు. జరిగింది వేరు. 1994లో ఇటలీలోని ఇమోలా ట్రాక్‌లో శనివారం, ఏప్రిల్ 30న, క్వాలిఫయింగ్‌లో (రేసులో ఎవరు ముందు నిలవాలో తేల్చే పోటీలో) ఆస్ట్రియా డ్రైవర్ రోలాండ్ రాట్జెన్‌బర్గర్ చనిపోయాడు. సెన్నా కుదేలైపోయాడు. ఎఫ్1 డాక్టర్ సిడ్ వాట్కిన్స్ ఆయనకు స్నేహితుడు. ఇక ఇదంతా మానేసి చేపలు పట్టుకుందాం పద అన్నాడాయన. మానలేనన్నాడు సెన్నా. మర్నాడు పొద్దున తోటి డ్రైవర్లతో కూర్చుని, మూతపడిన డ్రైవర్ల సంఘాన్ని సేఫ్టీ కోసం మళ్లీ నిలబెట్టాలని మాట్లాడాడు. మధ్యాహ్నం రేసులో ఆయనా పోయాడు. ఆయన కారులో మడిచిపెట్టిన ఆస్ట్రియా జెండా దొరికింది. రేసయ్యాక రాట్జెన్‌బర్గర్ జ్ఞాపకంగా ఎగరేయాలనుకున్నాడన్నమాట. ఇందులో నవ్వుతూ ఎక్కడమెక్కడ?

రెండేళ్ల ముందు, 1992లో, బెల్జియంలోని స్పా ట్రాక్‌లో ప్రాక్టీసులో ఎరిక్ కోమాస్ అనే డ్రైవర్ కారు గోడను కొట్టి ట్రాక్ మధ్యలో ఆగిపోయింది. మనిషికి స్పృహ లేదు, ఇంజిన్ మాత్రం అరుస్తూనే ఉంది. సెన్నా తన కారు ఆపి, వెనక నుంచి బళ్లు వస్తున్నా ట్రాక్ మీద పరుగెత్తి, ముందు ఇంజిన్ ఆపేశాడు, తర్వాత కోమాస్ తల కదలకుండా పట్టుకున్నాడు. ధైర్యమంటే పోస్టు రాసినవారు ఇది ఎందుకు చెప్పరో నాకర్థం కాదు.

ఆస్ట్రియా డ్రైవర్ నికీ లౌడా సంగతి చూడండి. 1976 ఆగస్టు 1న జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌లో ఆయన కారు అంటుకుంది. ఆ ట్రాక్ ప్రమాదం, రేసు వద్దని ముందే తోటివాళ్లకు చెప్పి, ఓటింగులో ఓడిపోయినవాడు ఆయనే. మంటల్లోంచి లాగింది కూడా తోటి డ్రైవర్లే. ఆసుపత్రిలో పాదిరీ వచ్చి ఆఖరి ప్రార్థన చేసి వెళ్లాడు. ఆరు వారాలకు ఇటలీలోని మోన్జాలో మళ్లీ కారెక్కి నాలుగో స్థానంలో వచ్చాడు. ఇక్కడిదాకా అందరూ చెప్పుకుంటారు. మోన్జాలో మొదటిరోజు భయంతో బిగుసుకుపోయానని లౌడాయే తర్వాత చెప్పుకున్నాడు. ఆ ముక్క మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. అదే ఏడాది ఆఖరి రేసు జపాన్‌లో ఫూజీ. కుండపోత వాన. టైటిల్ చేతిలో ఉంది. రెండు ల్యాపులు (ట్రాక్ చుట్లు) తిప్పి కారు ఆపేసి దిగిపోయాడు. ఇంజిన్ పాడైందని చెప్పేద్దామన్నాడు ఫెరారీ ఇంజనీరు ఫోర్గియేరి. అక్కర్లేదు, నేనే ఆపానని చెబుతానన్నాడు. ఒక్క పాయింటు తేడాతో, 69కి 68, టైటిల్ పోటీదారు జేమ్స్ హంట్‌కు పోయింది. ఆ పిరికివాడే 1977లో ఒకసారి, 1984లో ఇంకోసారి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

"సేఫ్టీ అడిగినవాడు పిరికివాడు." ఈ మాట బ్రిటన్ డ్రైవర్ జాకీ స్టీవార్ట్‌ను ఆయన కాలంలోనే అన్నారు. 1966 స్పా, మొదటి ల్యాపే, వాన. స్టీవార్ట్ కారు అదుపు తప్పి పడిపోయింది. స్టీరింగుకూ సీటుకూ మధ్య కాళ్లు ఇరుక్కున్నాయి, పెట్రోలు కారి ఒళ్లంతా తడిసిపోయింది. ఒక్క నిప్పురవ్వ చాలు. స్టీరింగ్ విప్పితే గానీ మనిషి బయటికి రాడు. విప్పడానికి పానా లేదు! ప్రపంచంలోకెల్లా వేగమైన కార్లు తిరిగే చోట ఒక్క పానా లేదు. తోటి డ్రైవర్లు గ్రహామ్ హిల్, బాబ్ బాండ్యురాంట్ ఆగి, చూడ్డానికొచ్చిన ఒకాయన దగ్గర పానా అడిగి తెచ్చి విప్పారు. సుమారు 25 నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లే అంబులెన్సు దారి తప్పింది.

మన దగ్గర టైరు పంక్చర్లు వేసే కుర్రాడు కూడా పానా లేకుండా కొట్టు తెరవడు. స్టీవార్ట్ ఆ తర్వాత స్టీరింగ్ దగ్గర పానా టేపుతో అంటించుకుని రేసు చేశాడు. సీటు బెల్టులు, అడ్డుకంచెలు, డాక్టర్లు కావాలని పోట్లాడాడు. రేసింగ్‌లో మజా చంపేస్తున్నాడని తిట్టినవాళ్లు బోలెడుమంది. ఈలోగా 1969, 71, 73లలో మూడు టైటిళ్లు, మొత్తం 27 రేసులు గెలిచాడు. 1973లో అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్ ట్రాక్‌లో తన జట్టు కుర్రాడు ఫ్రాన్స్వా సెవెర్ క్వాలిఫయింగ్‌లో చనిపోతే, అది తన నూరో రేసైనా దిగకుండా ఆపేశాడు. ఆయన లెక్క 99 దగ్గరే ఆగింది. నన్నడిగితే ఈ ఆటలో అందరికంటే పెద్ద హీరో ఆయనే.

"గెలిచేది కారే." ఇందులో సగం నిజముంది, దాచక్కర్లేదు. చెత్త కారుతో ఎవడూ ఛాంపియన్ కాడు. మిగతా సగం 1950ల నాటి అర్జెంటీనా డ్రైవర్ ఫాంజియోను అడగాలి. అయిదు టైటిళ్లు నాలుగు కంపెనీల కార్లతో గెలిచాడు: ఆల్ఫా రోమియో, మెర్సిడెస్, ఫెరారీ, మసెరాటి. 1957లో 46 ఏళ్ల వయసులో నూర్‌బర్గ్‌రింగ్‌లో టైర్లు మార్చడం ఆలస్యమై, రెండు ఫెరారీల వెనక దాదాపు 48 సెకన్లు వెనకబడ్డాడు. ల్యాపు ల్యాపుకీ రికార్డు బద్దలు కొడుతూ వచ్చి ఆ ఫెరారీల డ్రైవర్లు కాలిన్స్‌నూ హాథార్న్‌నూ దాటేశాడు. అలా ఇంకెప్పుడూ నడపలేనని తర్వాత చెప్పాడు. మరుసటి ఏడే రేసులు మానేశాడు, 84 ఏళ్లు బతికాడు.

బొమ్మకార్ల సంగతంటారా, 2020 బహ్రెయిన్‌లో రొమేన్ గ్రోజాన్ కారు గంటకు 192 కిలోమీటర్ల వేగంతో కంచెను చీల్చుకుపోయి రెండు ముక్కలై భగ్గుమంది. కాలిన చేతులతో మంటల్లోంచి తనే లేచి వచ్చాడు. తల ముందుండే హాలో కమ్మీ లేకపోతే ఆ కంచె ఆయన తలనే తాకేది. 2018లో అది పెట్టకముందు వద్దన్నవాళ్లలో గ్రోజాన్ కూడా ఒకడు. ప్రమాదం తర్వాత ఆసుపత్రి మంచం మీంచే దానికి దండం పెట్టాడు.

"టైటిళ్లు ఎక్కువున్నవాడే గొప్ప." అలాగైతే బ్రిటన్ డ్రైవర్ స్టిర్లింగ్ మాస్ పేరు ఎవరూ తలవకూడదు. ఒక్క టైటిలూ లేదు. 1958లో పోర్చుగల్ రేసులో హాథార్న్ ఎదురు దారిలో నడిపాడని అధికారులు అతన్ని ఫలితాల్లోంచి తీసేయబోతే, ఆ రేసు గెలిచిన మాసే వెళ్లి, అతను నడిపింది ట్రాక్ మీద కాదని సాక్ష్యం చెప్పాడు. హాథార్న్ పాయింట్లు నిలిచాయి. ఏడాది చివర 42కి 41, ఒకే ఒక్క రేసు గెలిచిన హాథార్న్ ఛాంపియన్, నాలుగు గెలిచిన మాస్ రెండోవాడు. తన నోటి మాటతోనే పోగొట్టుకున్నాడు.

ఆడవాళ్లు లేరన్న మాటకు ఫ్రాన్స్ ర్యాలీ డ్రైవర్ మిషెల్ ముటాన్ పేరొక్కటే చాలు. 1981లో సాన్‌రెమో ర్యాలీ గెలిచింది, 1982లో మూడు ప్రపంచ ర్యాలీలు గెలిచి ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానంలో నిలిచింది. మన దేశంలో బెంగళూరు అమ్మాయి ఐశ్వర్యా పిస్సే 2019లో బైకు బాజా (రోడ్డులేని దారుల్లో సాగే పోటీ) ప్రపంచకప్‌లో మహిళల విభాగం గెలిచింది.

మన దేశం వాళ్లు లేరంటే, నరైన్ కార్తికేయన్ 2005లో ఎఫ్1లో దిగాడు, అమెరికా రేసులో నాలుగో స్థానం. అందులో నడిచినవి ఆరు కార్లే, ఆ సంగతీ చెప్పాలి. బైకుపై డకార్ ఎడారి ర్యాలీ పూర్తిచేసిన మొదటి భారతీయుడు సీఎస్ సంతోష్, 2015లో. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ (కరెంటు రేసు) కార్లే తిరిగాయి.

ఇక హెల్మెట్. ఎఫ్1లో 1952 నుంచి హెల్మెట్ తప్పనిసరి. ఆ పోస్టుకు పెట్టిన ఫొటోలో సెన్నా నెత్తిమీద ఉన్నదేమిటో ఒకసారి పెద్దది చేసి చూడండి. పసుపు రంగుది. బండి మీద అంత మోజుంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో, కోయంబత్తూరు కారి స్పీడ్‌వేలో ట్రాకులున్నాయి. సుంకి మలుపులో లోడు లారీ ఎదురొచ్చినట్టు అక్కడ ఏదీ ఎదురురాదు. పోటీకి దిగాలంటే లైసెన్సు తీసుకోవాలి, రేసుకు ముందు బండితో పాటు హెల్మెట్‌ను కూడా తనిఖీ చేస్తారు.