ఆ ఐదు వాక్యాలూ ఒకే జాతివి కావు

కొద్ది నెలలుగా దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం ప్రాంతాల తెలుగు కుటుంబాల ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: “1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడిని మన దగ్గర నుంచి లాక్కుని ఒడిశాలో కలిపారు. ఇంట్లో తెలుగు మాట్లాడే ప్రతి ఒక్కరూ తెలుగువారే, అయినా జనాభా లెక్కలు మన సంఖ్యను తగ్గించి చూపుతున్నాయి. ఆ విలీనం వల్లే మన పిల్లలకు తెలుగు చదవడం రావడం లేదు. ఒడియా కన్నా తెలుగు గొప్పది, ప్రాచీన భాష హోదా కూడా మనకే ముందు వచ్చింది. కాబట్టి జిల్లాలోని ప్రతి ప్రభుత్వ పాఠశాలలో తెలుగును తప్పనిసరి చేయాలి. ఇవన్నీ చరిత్ర నిరూపించిన వాస్తవాలు. కాదనేవారు ఒక్క ఆధారం చూపండి.”

నేను ఖండించదలచుకున్నది “ఇవన్నీ వాస్తవాలు” అన్న మాటను. మా పేట పెద్దలు కలెక్టరు గారికి ఇవ్వదలచిన అర్జీలో ఈ సందేశాన్ని ఉన్నదున్నట్లుగా చేర్చాలని అనుకుంటున్నారు. మా పిల్లలకు తెలుగు కావాలని వారికి ఎంత ఉందో నాకూ అంతే ఉంది. అందువల్లనే ఆ అర్జీ మొదటి పేజీలోనే ఓడిపోకూడదని కోరుకుంటున్నాను. ఆ ఐదు వాక్యాలలో ఒకటి జరిగినదాన్ని చెబుతుంది, ఒకటి ఒక మాటకు అర్థం కడుతుంది, ఒకటి కారణం చూపుతుంది, ఒకటి విలువ కడుతుంది, ఒకటి చేయవలసిన పని చెబుతుంది. ఒక్కొక్క దానికి కావలసిన రుజువు వేరు.

మొదటి వాక్యంలో తేదీ సరైనదే. ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినది ఆ రోజునే. దీన్ని కాగితం చూసి తేల్చవచ్చు, తేలిన తరువాత వాదన ఉండదు. వాస్తవాన్ని చెప్పే వాక్యానికి గుర్తు అదే. అయితే “పర్లాకిమిడి” అంటే ఏది? జమీందారీ మొత్తం ఒడిశాకు పోలేదు. పట్టణంతో పాటు కొంత భాగం అటు వెళ్ళింది, మిగిలినది మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఇక “లాక్కుని” అన్న క్రియ చూడండి. “కలిపారు” అన్నంతవరకు అది వాస్తవ కథనం. “లాక్కుని” అనగానే అందులోకి న్యాయాన్యాయాల తీర్పు చొరబడింది. ఒక్క క్రియతో వాక్యం జాతి మారిపోయింది. ఆ తీర్పు తప్పని నేను అనడం లేదు, దానికి వేరే వాదన కావాలని మాత్రమే అంటున్నాను. ఆ వాదన చేసేవారు రెండు సంగతులను పక్కపక్కన పెట్టుకోవాలి. పర్లాకిమిడి జమీందారు కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్ స్వయంగా రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళి ప్రత్యేక ఒడిశా రాష్ట్రం కోరారు, 1937లో దాని మొదటి ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి వంటి పదవి) కూడా అయ్యారు. అదే ఊరిలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పి, అక్కడి కొండ గిరిజనుల సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చి, వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు 1936లో ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఈ రెండూ జరిగిన సంగతులే. రెండింటినీ ఒప్పుకున్న తరువాత కూడా “అన్యాయం జరిగింది” అని వాదించవచ్చు. ఒకదాన్ని దాచిపెట్టి వాదించడం మాత్రం కుదరదు.

రెండవ వాక్యం పైకి లెక్కల గురించి మాట్లాడుతున్నట్లు కనిపిస్తుంది కాని, దానిలోని తగాదా నిర్వచనానిది. మా పక్కింటిలో తండ్రి తెలుగువాడు, తల్లి ఒడియా ఆవిడ. నాయనమ్మతో కలిసి ఉండటం వలన పిల్లలు ఇంట్లో రోజంతా తెలుగే మాట్లాడతారు. 2011లో లెక్కలు రాయడానికి వచ్చిన ఉపాధ్యాయుడు వాకిట్లో అరుగు మీద కూర్చుని పిల్లల మాతృభాష ఏదని అడిగితే, నాయనమ్మ “తెలుగే బాబూ” అన్నది. ఆయన తల్లి వైపు తిరిగి, “చిన్నప్పుడు మీరు వీళ్ళతో ఏ భాషలో మాట్లాడేవారు?” అని అడిగి, ఒడియా అని రాసుకున్నాడు. ఆయన మోసం చేయలేదు. బాల్యంలో తల్లి తనతో మాట్లాడిన భాషే మాతృభాష అని జనాభా లెక్కల సూచనలలోనే ఉంది, తల్లి పసితనంలోనే పోయి ఉంటేనే ఇంట్లో ప్రధానంగా మాట్లాడిన భాషను చూస్తారు. సందేశం “ఇంటి భాష” అంటున్నది, లెక్కలు “తల్లి పలికిన భాష” అంటున్నాయి. రెండు కొలతలకు రెండు సంఖ్యలు వస్తాయి, అంతమాత్రాన “తగ్గించి చూపుతున్నాయి” అని నేరం మోపకూడదు. మన నిర్వచనమే మేలని అనుకుంటే, ఆ మాట అని, ఎందుకు మేలో చెప్పాలి.

మూడవ వాక్యమే అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ఎందుకంటే దాన్ని మనం ఎంతో సులభంగా నమ్ముతాము. “విలీనం వల్ల” అని ఉంటే నేను చాలావరకు ఒప్పుకునేవాడిని. “వల్లే” అన్నారు. చివరన చేరిన ఆ ఒక్క ఏత్వం మిగిలిన కారణాలన్నిటినీ తలుపు బయట నిలబెట్టింది. ఒక దాని తరువాత మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది కారణం కాదని చెప్పడానికి మనకు కాకతాళీయ న్యాయం ఉండనే ఉంది. కాకి వాలింది, తాటిపండు రాలింది. దీన్ని పరీక్షించడానికి మా ఊరి పక్కన పారే మహేంద్రతనయ నది దాటితే చాలు. అవతల ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న పాతపట్నం ఏనాడూ ఒడిశాలో కలవలేదు. అక్కడ ఇంగ్లీషు మాధ్యమంలో ఏడవ తరగతి చదువుతున్న మా చెల్లెలి మనవడికి పెళ్ళి శుభలేఖ ఇచ్చి చదవమంటే, “ముహూర్తము” దగ్గర ఆగి, ఒత్తును వేలితో తడిమి, అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. ఇవతలి ఒడ్డున ఒడియా మాధ్యమంలో చదివిన నేను మా అమ్మమ్మ దగ్గర బియ్యపు పళ్ళెంలో తెలుగు అక్షరాలు దిద్దుకుని నేర్చుకున్నాను. ఇద్దరి అనుభవంతో సిద్ధాంతం తేలదని నాకు తెలుసు. అయితే “వల్లే” అన్న మాటను పడగొట్టడానికి ఒక్క ఎదురు ఉదాహరణ సరిపోతుంది. “వల్ల” అన్న మాటను నిలబెట్టాలంటే మాత్రం ఎప్పుడు ఏ బడిలో తెలుగు ఉపాధ్యాయుని స్థానం ఖాళీ అయిందో, ఆ తరువాత తెలుగు చదివేవారు ఎంతమంది తగ్గారో ఏడాది వారీగా చూపాలి.

నాలుగవ దాని మీద ఎక్కువ మాటలు అక్కరలేదు. తెలుగుకు 2008లో, ఒడియాకు 2014లో ప్రాచీన హోదా వచ్చిందన్నది నిజం. అవి ప్రభుత్వ ప్రకటనల తేదీలు, వాటిని బట్టి భాష వయస్సు కాని గొప్పతనం కాని తేలవు. ఏ కొలబద్దతో గొప్పదో చెప్పకుండా “గొప్పది” అనడం ప్రేమను ప్రకటించడమే. ఆ ప్రేమ నాకూ ఉంది, కాని అర్జీలో అది రుజువుగా చెల్లదు.

ఐదవది “చేయాలి” అంటున్నది. ఎవరు చేయాలి, ఏ అధికారంతో చేయాలి, దాని వలన ఎవరికి ఏమవుతుంది అన్న ప్రశ్నలకు అది జవాబు చెప్పాలి. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి రాష్ట్రాలు, స్థానిక సంస్థలు ప్రయత్నించాలని చెబుతుంది. అది మనకు గట్టి ఆధారం. కాని అది కల్పించమన్నది సౌకర్యం. “ప్రతి పాఠశాలలో తప్పనిసరి” అన్నప్పుడు పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా కొండల మీది సవర పిల్లవాడి మీద కూడా తెలుగును రుద్దుతున్నాము. మన మీద జరిగిందని బాధపడుతున్న పనినే మరొకరి మీద చేయమని అడుగుతున్నాము.

“కాదనేవారు ఆధారం చూపండి” అన్న చివరి సవాలు కూడా తలకిందులుగా ఉంది. ఒక మాటను ముందుకు తెచ్చినవారే దానికి ఆధారం చూపాలి.

ఈ విషయాలన్నీ మా పేట పెద్దలతో రెండు సాయంత్రాలు మాట్లాడాను. ఒకరిద్దరికి కోపం వచ్చింది, అది సహజమే. కొత్త అర్జీ ఇప్పుడు ఒకే పేజీలో ఉంది. అందులో 350-ఎ అధికరణం ప్రస్తావన ఉంది, తెలుగు కావాలని అడిగే పిల్లలు ఉన్న బడికి ఒక ఉపాధ్యాయుడిని ఇవ్వమన్న కోరిక ఉంది. దానికి జతగా గీసిన పట్టికలో పిల్లల పేరు, తరగతి, ఇంటి భాష, తల్లి భాష, తల్లి లేదా తండ్రి సంతకం అన్న గడులు ఉన్నాయి. ఆదివారం నుంచి ఇంటింటికీ తిరిగి నింపుతున్నాము.