ఇంజన్ మోగితే బండి సిద్ధమైనట్టు కాదు: మూలనపడ్డ మోటారుసైకిల్ గురించి తిరుగుతున్న సందేశానికి ఖండన

సంక్రాంతికి ఊరొచ్చే వలస కుర్రాళ్లను ఉద్దేశించిన ఒక సందేశం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో విరివిగా తిరుగుతోంది. చెన్నైకో, హైదరాబాదుకో, గల్ఫుకో వెళ్తూ పశువుల సాలలో గోనె కప్పి వదిలేసిన మోటారుసైకిల్‌ను, ఎన్నేళ్లయినా సరే, మెకానిక్ అక్కర్లేకుండా గంటలో రోడ్డెక్కించవచ్చని దాని సారాంశం. ట్యాంకులో మిగిలిన పెట్రోలు మీదే కొత్తది రెండు లీటర్లు పోయాలట. కిక్కుకు రాకపోతే సెకండ్ గేరులో వేసి తోయించాలట. బండి తిరగలేదు కాబట్టి ఇంజన్ ఆయిల్ మార్చనక్కర్లేదట. బ్యాటరీ చచ్చినా అరగంట స్టార్టింగులో ఉంచితే అదే చార్జవుతుందట. టైర్లలో గాలి నిలిచి, బ్రేకు కాస్త పట్టుకుంటే చాలట. కాగితాల సంగతి పండగ వెళ్లాక చూసుకోవచ్చట. ప్లగ్గు కొత్తది వేయమన్న సలహా తప్ప ఇందులో నిలబడే మాట ఒక్కటీ లేదు. వీటన్నిటికీ మూలమైన పొరపాటు ఒక్కటే: ఇంజన్ మోగగానే బండి ప్రయాణానికి సిద్ధమైపోయిందనుకోవడం.

పెట్రోలు సంగతి ముందు చూద్దాం. నిలవ ఉన్న పెట్రోలులో త్వరగా మండే తేలిక భాగం నెలల్లోనే ఆవిరై, మిగిలినది క్రమంగా జిగురుగా మారుతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో అమ్మే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ ఒక హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. రిజర్వు కాక్ (ట్యాంకు కింది పెట్రోలు కుళాయి) తీసుకునేది సరిగ్గా ఆ అడుగు నుంచే. కాబట్టి పైన ఎంత కొత్త పెట్రోలు పోసినా కార్బొరేటర్‌కు ముందుగా అందేది ఆ పాడైన సరుకే. కళింగపట్నం, భావనపాడు వంటి తీర గ్రామాల్లోనూ, ఉప్పు మడులున్న నౌపడ చుట్టుపక్కలా గాలిలోనే ఉప్పు ఉంటుంది కనుక, సగం ఖాళీగా వదిలిన ట్యాంకు లోపలి గోడలకు తుప్పు మరింత త్వరగా పడుతుంది. మూత తీసి టార్చి వేసి చూస్తే విషయం తెలిసిపోతుంది (లైటరు వెలిగించి చూసే ఘనులు ఇంకా ఉన్నారు కాబట్టి టార్చి అని ప్రత్యేకంగా చెబుతున్నాను).

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు రాకముందు అమ్ముడైన బళ్లలో అత్యధికం కార్బొరేటర్‌వే. అలాంటి బండి కార్బొరేటర్ కింది గిన్నె విప్పితే అడుగున గోధుమ రంగు జిగురు కట్టి, ఒక్కోసారి ఆకుపచ్చని చిలుము కూడా కనిపిస్తుంది. ఆ గిన్నె పైన, పెట్రోలును కొలిచి వదిలే చిన్న జెట్టు రంధ్రం ఎంత సన్ననిదంటే, కంటికి కనిపించని పాటి జిగురు కూడా దాన్ని మూసేయగలదు. చోక్ వేస్తే ఇంజన్ నిలబడి, చోక్ తీయగానే ఆగిపోతోందంటే మొదట అనుమానించవలసింది ఈ జెట్టునే. సందేశాన్ని నమ్మినవారు ఆ సమయంలో మూడో ప్లగ్గు కొనడానికి బజారుకు వెళ్తారు. చేయవలసిందల్లా పాత పెట్రోలు పూర్తిగా దింపి, ట్యాంకు కడిగి, కాక్‌లోని జాలీ శుభ్రం చేసి, జెట్లు విప్పి కార్బొరేటర్ క్లీనరుతో కడిగి గాలి కొట్టించడం. సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదై కొలత తప్పుతుంది.

సెకండ్ గేరులో తోయించడం అన్నిటికన్నా నష్టం తెచ్చే సలహా. ఏళ్ల తరబడి కదలని ఇంజన్‌లో సిలిండర్ గోడల మీది ఆయిల్ పొర కిందికి జారిపోయి, తేమ తగిలిన చోట పిస్టన్ రింగులు గోడకు పట్టేసి ఉండవచ్చు. అలాంటి ఇంజన్‌ను నలుగురు కలిసి బలవంతంగా తిప్పితే రింగులు విరగవచ్చు, బోరు (సిలిండర్ లోపలి గోడ) గీతలు పడవచ్చు. ఆపైన బోరు కిట్టు (కొత్త సిలిండర్, పిస్టన్, రింగులు) ఖర్చు తప్పదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పటిలా కప్పు ఎగిరిపోయి బండి వానకు నానినా, వరదలో మునిగినా సిలిండర్‌లోకి నీళ్లే వెళ్లి ఉండవచ్చు. నొక్కితే నీరు కుదించుకోదు, దాన్ని నొక్కబోయిన పిస్టన్ కనెక్టింగ్ రాడ్‌ను వంచుతుంది. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో నాలుగైదు చుక్కల కన్నా కొంచెం ఎక్కువగా ఇంజన్ ఆయిల్ పోసి, ఒక రాత్రి అలాగే వదిలి, మర్నాడు టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. తిరిగితే సంతోషం. తిరగకపోతే బలం ప్రయోగించకుండా మెకానిక్‌ను పిలవడమే చవక. ఇంకొక ప్రమాదం తోసేవారికి సంబంధించినది: నిలిచిపోయిన బండిలో క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే, లివరు నొక్కినా క్లచ్ విడదు, ఇంజన్ అందుకున్న క్షణాన బండి మీదున్నవాడి అదుపు తప్పి ముందుకు దూకుతుంది.

ఈ దశలోనే ఎయిర్ ఫిల్టర్ డబ్బా కూడా తెరవాలి. ధాన్యం నిలవ చేసిన ఇంట్లో ఎలుకలకు అంతకన్నా వెచ్చని చోటు దొరకదు. గడ్డీ ఊకా లోపల కనిపించాయంటే సీటు కింద వైర్లు కూడా కొరికి ఉంటాయని అనుకుని, బ్యాటరీ తగిలించే ముందే వైరింగ్ చూసుకోవాలి. తొడుగు ఊడిన వైరు షార్ట్ అయితే పక్కనే పెట్రోలు ఉంటుంది.

బండి తిరగకపోతే ఆయిల్ అరగదన్న మాట వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆయిల్ పాడవడానికి కిలోమీటర్లు ఒక్కటే కారణం కాదు. చివరిసారి నడిచినప్పటి పెట్రోలు మండగా వచ్చిన మలినాలూ ఆమ్లాలూ అందులోనే మిగిలి ఉంటాయి, వాటికి ఏళ్ల తేమ తోడవుతుంది. పాలు కలిపిన టీ రంగులో ఆయిల్ కనిపిస్తే నీళ్లు కలిసినట్టే. స్టార్ట్ చేయకముందే ఒకసారి మార్చి, కొద్ది దూరం నడిపాక మళ్లీ మార్చాలి.

చచ్చిన బ్యాటరీ విషయంలో సందేశం చెప్పింది దాదాపు తలకిందులు. చార్జి లేకుండా నెలల తరబడి పడి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, అది అరగంట చార్జింగుకు కరగదు. పూర్తి చార్జితో ఆరోగ్యంగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ మీటరులో సుమారు 12.6 వోల్టులు చూపాలి. చార్జరు పెట్టి తీశాక కూడా ఆ దరిదాపుల్లో నిలబడకపోతే కొత్తది కొనక తప్పదు. నిలబెట్టి నెమ్మదిగా ఇంజన్ తిప్పితే చార్జింగ్ నామమాత్రం. గాలి తగలక ఇంజన్ మాత్రం వేడెక్కుతుంది. మూసిన సాలలో అరగంట నడిపితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మనిషి ప్రాణం తీయగలదు, దానికి వాసన ఉండదు. బండిని ఆరుబయటికి తెచ్చాకే స్టార్ట్ చేయాలి.

ఇక టైర్లూ బ్రేకులూ. ఇంజన్ పనిచేయకపోతే ఇంటి దగ్గరే ఆగిపోతాం, బ్రేకు పనిచేయకపోతే ఎక్కడ ఆగుతామో తెలియదు. అయినా సందేశం వీటికి ఒక్క వాక్యమే కేటాయించింది. టైరు పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2317 అని ఉంటే ఆ టైరు 2017లో 23వ వారంలో తయారైందని అర్థం. బొటనవేలితో టైరును పక్కకు వంచి చూస్తే గాడుల మధ్య సన్నని పగుళ్లు కనిపిస్తాయి. రబ్బరు గట్టిపడ్డ ఆ టైరులో గాలి నిలుస్తుంది, కానీ తడి రోడ్డు మీద పట్టు నిలవదు. ఏళ్ల పాటు ఒకే చోట బరువు మోసిన భాగం చదునై, చక్రం తిరిగేటప్పుడు కొట్టుకుంటుంది కూడా.

డ్రమ్ బ్రేకు లివరు నొక్కినప్పుడు కాస్త పట్టుకుంటే సరిపోదు. వదిలాక వెంటనే వెనక్కి వస్తోందా లేదా అన్నది ముఖ్యం. లోపల బ్రేకు షూలను డ్రమ్ముకు నొక్కే క్యామ్ తుప్పుపట్టి బిగుసుకుంటే బ్రేకు పట్టుకునే ఉండిపోతుంది. లేదంటే షూ మీది లైనింగు ఊడి డ్రమ్ములో ఇరుక్కుని చక్రాన్నే కట్టిపడేస్తుంది. చక్రం విప్పి చూడకుండా ఈ రెండూ తెలియవు. డిస్కు బ్రేకైతే అందులోని ద్రవం కూడా తేమను పీల్చేదే. రెండేళ్లకోసారి మార్చవలసిన దాన్ని ఆరేళ్లు వదిలేస్తే, బ్రేకు వేడెక్కినప్పుడు ద్రవంలోని నీరు ఆవిరై లివరు మెత్తగా లోపలికి పోతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు 14 మీటర్లు పోతుంది. రణస్థలం, నరసన్నపేట, టెక్కలి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీల మధ్య ఆ ఒక్క సెకను చాలా ఎక్కువ. అందుకే మొదటి పరీక్ష ఊరి రోడ్డు మీద, తక్కువ వేగంలో, ముందు బ్రేకు వేరుగా, వెనక బ్రేకు వేరుగా జరగాలి.

కాగితాలను పండగ తర్వాతికి వదలమనడం చట్టరీత్యా కూడా తప్పే. ఈ రెండు జిల్లాల ఏపీ 30, ఏపీ 35 నంబర్లున్న పాత బళ్లు చాలావాటికి రిజిస్ట్రేషన్ గడువైన 15 ఏళ్లు నిండిపోయాయి. 2009లో కొన్న బండికి 2024లోనే ఆ గడువు తీరింది, తనిఖీ చేయించి అయిదేళ్లకు పొడిగించుకుంటే తప్ప దాన్ని రోడ్డు మీద నడపకూడదు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలాగూ ముగిసే ఉంటుంది. బీమా లేకుండా నడిపితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. దానికన్నా పెద్ద భారం మరొకటుంది. ప్రమాదంలో ఎదుటివారు గాయపడితే, థర్డ్ పార్టీ బీమా లేని బండి తరఫున కంపెనీ ఏదీ పరిహారం కట్టదు. పండగనాడు సరదాగా నడిపింది బావమరిదే అయినా, ఆర్సీ ఎవరి పేరున ఉందో వారికీ ఆ సొమ్ము చుట్టుకుంటుంది.